నల్లగొండలో పక్షవాత స్కాన్ సేవలు: ఒక సమీక్ష

కుడిచెయ్యి పడిపోయిన మా మేనమామను నకిరేకల్ నుంచి నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు అక్కడి సీటీ స్కాన్ విభాగం పనితీరు నాకు ఎంతో నచ్చింది. డబ్బు కట్టేదాకా ఆపకుండా ముందు స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం లేదని తేలాకే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మాట ఎత్తారు. లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వవలసిన మందు కనుక, ఆయన చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడో డ్యూటీ డాక్టరు గుచ్చిగుచ్చి అడిగారు.

అన్నిటికంటే మెచ్చదగినది వివరించిన తీరు. తెరపై మెదడు ఎడమ సగంలో బూడిదరంగు, తెలుపు భాగాల మధ్య తేడా చెరిగిపోయిన చోటును వేలితో చూపించి, మెదడు మధ్య ధమని పరిధిని 10 భాగాలుగా చూస్తారని, దెబ్బతిన్న ఒక్కొక్క భాగానికి 10 నుంచి ఒక్కో మార్కు తగ్గిస్తారని, దీనిని ఆస్పెక్ట్స్ స్కోరు అంటారని, మామయ్యకు 8 వచ్చిందని చెప్పారు. మార్కు తగ్గేకొద్దీ నష్టం ఎక్కువని అర్థం. తొలి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించవచ్చునని కూడా దాచకుండా చెప్పడం వారిపై గౌరవాన్ని పెంచింది.

లోపం లేకపోలేదు. పెద్ద రక్తనాళంలోని గడ్డను గొట్టం ద్వారా బయటికి తీసే చికిత్స, స్కాన్ చూసి ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు కూడా ఉపయోగపడుతుంది. అది అక్కడ లేదు, హైదరాబాదే దిక్కు. అలాంటప్పుడు చిత్రాలను ముందుగానే అక్కడి వైద్యులకు పంపే ఏర్పాటైనా ఉండాలి. మా చేతికి ఫిల్ము మాత్రమే ఇచ్చారు.