దూరంగా పెట్టిన స్విచ్‌కి డీబౌన్స్: కోడ్‌లో చేయాలా, సర్క్యూట్‌లోనా?

బోర్డు మీదే ఉన్న పుష్ బటన్‌కైతే కోడ్‌లో డీబౌన్స్ (ఒక్కసారి నొక్కితే చాలాసార్లు నొక్కినట్టు లెక్కకు రాకుండా చూడడం) చేస్తే సరిపోతుంది. అదే బటన్‌ని మూడు మీటర్ల వైరు చివర పెడితే లెక్క మారిపోతుంది. పక్కన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఆగినప్పుడల్లా, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు నమోదవుతుంది. డీబౌన్స్ టైము పెంచుతూ పోయినా ఇది తగ్గదు, ఎందుకంటే ఇది బౌన్స్ కాదు.

బౌన్స్ స్విచ్ లోపల పుడుతుంది. రెండు లోహపు ముక్కలు తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి, సాధారణంగా కొన్ని మిల్లీసెకన్లలో కుదురుకుంటాయి. నాయిస్, అంటే అక్కర్లేని విద్యుత్ అలజడి, వైరులోకి బయటి నుంచి వస్తుంది. పొడవైన వైరు యాంటెన్నాలా పని చేసి చుట్టుపక్కల స్పైకులన్నీ (క్షణకాలం వచ్చిపోయే వోల్టేజీ కుదుపులు) లాక్కుంటుంది. పైగా ఏటీమెగా328 లాంటి మైక్రోకంట్రోలర్ చిప్‌లో లోపలి పుల్-అప్ (బటన్ నొక్కనప్పుడు లైనుని పై వోల్టేజీ దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. అంత బలహీనమైన పుల్-అప్ ఉన్న లైనుని చిన్న స్పైకు కూడా కిందికి లాగేస్తుంది.

కోడ్ పద్ధతికి ఖర్చు లేదు, టైము ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. అయితే అందులో రెండు రకాలున్నాయి, తేడా చాలా పెద్దది. పిన్ మారగానే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపించే పిలుపు) తీసుకుని, ఆ తర్వాత 50 మిల్లీసెకన్లు పట్టించుకోకుండా ఉండే కోడ్ ఎక్కువగా కనిపిస్తుంది. దూరపు స్విచ్‌కి ఇది అసలు పనికిరాదు, మొదట వచ్చిన స్పైకునే నొక్కుడు కింద ఒప్పేసుకుంటుంది. టైమర్‌తో మిల్లీసెకనుకోసారి చదివి, వరసగా ఎనిమిదిసార్లు ఒకే విలువ వస్తేనే నమ్మే కోడ్ మేలు. మైక్రోసెకన్లలో పోయే స్పైకు మహా అయితే ఒక్క రీడింగుని పాడు చేస్తుంది. కానీ వైరు మీదుగా వచ్చే స్టాటిక్ షాక్ నుంచి పిన్‌ని ఏ కోడూ కాపాడలేదు.

అక్కడే రెసిస్టర్, కెపాసిటర్ అవసరమవుతాయి. వైరు వచ్చే చోట 4.7 కిలో ఓమ్ పుల్-అప్, అక్కడి నుంచి పిన్‌కి సిరీస్‌లో 10 కిలో ఓమ్‌లు, పిన్ దగ్గర గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్. ఇదంతా బోర్డు వైపే ఉండాలి. కెపాసిటర్‌ని నేరుగా స్విచ్ కాళ్ల మధ్య అతికిస్తే, నొక్కిన ప్రతిసారీ అందులోని చార్జి అంతా ఒక్కసారిగా కాంటాక్టుల గుండా పోయి వాటిని తినేస్తుంది. 5 వోల్టుల మీద 4.7 కిలో ఓమ్ పుల్-అప్ అంటే కాంటాక్టు గుండా మిల్లీ ఆంపియర్ పారుతుంది, అది కాంటాక్టుకీ మంచిదే. ఈ ఫిల్టర్ ఒక్కదానితోనే బౌన్స్ మొత్తం అణచాలని కెపాసిటర్ పెంచుకుంటూ పోతే మాత్రం సిగ్నల్ అంచు మరీ మెల్లగా కదులుతుంది, అప్పుడు 74హెచ్‌సీ14 లాంటి ష్మిట్ ట్రిగ్గర్ (మెల్లగా కదిలే అంచుని ఒక్కసారిగా మారేలా చేసే చిప్) తప్పనిసరి. నా మటుకు నాయిస్‌ని ఫిల్టర్‌కీ, బౌన్స్‌ని కోడ్‌కీ వదిలేయడమే సరైన పంపకం.

రోటరీ ఎన్‌కోడర్ (ఎంత తిప్పామో, ఎటు తిప్పామో ‘ఏ’, ‘బీ’ అనే రెండు లైన్ల మీద చెప్పే నాబ్) దగ్గర ఈ విలువలు పనికిరావు. చుట్టుకి 20 క్లిక్కులు, క్లిక్కుకి నాలుగు మార్పులు అనుకుందాం. సెకనుకి రెండు చుట్లు తిప్పితే 160 మార్పులు, అంటే ఒక్కోదానికి దాదాపు 6 మిల్లీసెకన్లు. బటన్‌కి పెట్టిన 10, 20 మిల్లీసెకన్ల ఆలస్యం ఇక్కడ క్లిక్కుల్ని మింగేస్తుంది. బోర్న్స్ పీఈసీ11ఆర్ డేటాషీట్ సూచించే ఫిల్టర్ చూడండి: 10 కిలో ఓమ్‌లు రెండు, 0.01 మైక్రోఫారడ్ ఒకటి. టైము మిల్లీసెకనులో పదో వంతో, ఐదో వంతో మాత్రమే. మరి బౌన్స్ సంగతి? దాన్ని కోడ్‌లోని స్టేట్ టేబుల్ (ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారితే ఎంత లెక్కించాలో చెప్పే పట్టిక) చూసుకుంటుంది. రెండు లైన్ల స్థితులు 00, 01, 11, 10 అనే వరసలో మారుతుండగా ఒక కాంటాక్టు ఎగిరితే లెక్క ఒకటి ముందుకెళ్లి, ఒకటి వెనక్కొస్తుంది. మొత్తం సున్నా. రెండు బిట్లూ ఒకేసారి మారినట్టు కనిపిస్తే అది జరగని పని, టేబుల్ దాన్ని పారేస్తుంది.

అందుకే నాబ్ దూరంగా ఉన్నప్పుడు ఫిల్టర్ కన్నా కేబులే ముఖ్యం. క్యాట్5 (నెట్‌వర్క్ కేబుల్) లోని జతల్లో ‘ఏ’ లైనుకి తోడుగా ఒక గ్రౌండ్, ‘బీ’ లైనుకి తోడుగా ఇంకో గ్రౌండ్ మెలివేసుకుని ఉండాలి. ‘ఏ’, ‘బీ’లు రెండూ ఒకే జతలో వెళ్తే ఒకదాని అంచు రెండోదాంట్లో స్పైకుగా తేలుతుంది.

ఇంకా దూరమైతే నాబ్ దగ్గరే చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టి, అక్కడే లెక్కపెట్టి, ఫలితాన్ని ఆర్‌ఎస్-485 (దూరాలకు వాడే సీరియల్ లింకు) మీద పంపడం మేలు. ఐ2సీ (బోర్డులోని చిప్‌ల మధ్య వాడే రెండు వైర్ల బస్సు) జోలికి పోవద్దు. దాని కెపాసిటెన్స్ హద్దు 400 పికోఫారడ్‌లు, క్యాట్5 మీటరుకి దాదాపు 50 తింటుంది, ఎనిమిది మీటర్లకే హద్దు అయిపోతుంది. ఒక్క బటన్ కోసమైతే ఇంత అక్కర్లేదు, మాక్స్6816 లాంటి డీబౌన్సర్ చిప్ చాలు. దాని ఇన్‌పుట్ 15 కిలోవోల్టుల స్టాటిక్‌ని తట్టుకుంటుంది, బౌన్స్ కుదురుకునేదాకా సుమారు 40 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఎన్‌కోడర్‌కి మాత్రం దాన్ని కలపకండి, ఆ 40 మిల్లీసెకన్లలో నాబ్ ఆరు స్థితులు దాటిపోతుంది.