క్రూజ్‌లో స్కూబా: నౌక టికెట్టా, నేరుగా డైవ్ షాపా?

క్రూజ్‌లో వెళ్తూ స్కూబా డైవ్ బుక్ చేసుకోవడానికి మూడు దారులున్నాయి. ఒకటి నౌకలోని షోర్ ఎక్స్‌కర్షన్ డెస్క్, అంటే రేవుల్లో టూర్లు అమ్మే కౌంటర్. రెండోది, ఇంట్లో ఉండగానే ఆ రేవులోని డైవ్ షాపుకి నేరుగా మెయిల్ పెట్టడం. మూడోది, దిగాక రేవు గేటు బయట బల్ల వేసుకుని పిలిచేవాళ్ల దగ్గర కొనడం. ఈ మూడోదాన్ని ఇక్కడే వదిలేయొచ్చు. పేరున్న షాపుల పడవలు ముందే నిండిపోతాయి. దిగి, బేరమాడి, పడవ ఎక్కేసరికి మిగిలేది సగం రోజు, ఎవరూ ఏరుకోని వెట్‌సూట్లు. అసలు పోటీ మొదటి రెంటి మధ్యే.

నౌక టికెట్ ధర సాధారణంగా ఎక్కువే. చాలా రేవుల్లో నౌక వాళ్లు పంపేదీ స్థానిక డైవ్ షాపు పడవకే కాబట్టి, ఆ అదనపు డబ్బు గడియారానికి కడుతున్నట్టు లెక్క. నౌక అమ్మిన టూరు ఆలస్యమైతే నౌక ఆగుతుంది, ఆగలేకపోతే మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే రేవు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపడమే. గాలివాన వల్ల నౌక ఆ రేవులో ఆగకుండా వెళ్లిపోతే, నౌక టికెట్ డబ్బు అడగకుండానే మీ ఖాతాకి తిరిగొస్తుంది.

ఆ భద్రతకి ఇంకో మూల్యం కూడా ఉంది. నౌక గుంపులో నిన్నటిదాకా డైవ్ చేసినవాళ్లూ, ఏడాదిన్నరగా నీళ్లు తాకనివాళ్లూ కలిసే ఉంటారు. గైడ్ అందరిలో తడబడేవాడిని చూసి చోటు ఎంచుకుంటాడు. అందుకే చాలాసార్లు లోతు తక్కువ, ప్రవాహం తక్కువ ఉన్న చోటికే తీసుకెళ్తారు. ఎవరి సిలిండర్‌లో గాలి ముందు అయిపోతే వాడితోపాటే అందరూ పైకి రావాల్సి రావచ్చు. టికెట్ వివరణలో ఏ పగడపు దిబ్బ దగ్గర దింపుతారో, ఒక గైడ్‌కి ఎంతమందో తరచుగా రాయరు. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) కావాలన్నా, ఫలానా వాల్ (నిట్టనిలువుగా దిగే దిబ్బ గోడ) చూడాలన్నా నేరుగా షాపుతో మాట్లాడుకోవడమే మేలు.

టికెట్ పేరు జాగ్రత్తగా చదవాలి. ‘టూ ట్యాంక్ సర్టిఫైడ్’ అంటే కార్డు (డైవింగ్ కోర్సు పాసైన ధ్రువపత్రం) ఉన్నవాళ్లకి రెండు డైవ్‌లు. ‘డిస్కవర్ స్కూబా’ కార్డు లేనివాళ్లకి, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా గరిష్ఠంగా 12 మీటర్లు. ‘స్నూబా’లో వీపున సిలిండర్ ఉండదు. పైన తేలే తెప్ప నుంచి గొట్టం వస్తుంది, లోతు సుమారు 6 మీటర్లు. ‘హెల్మెట్ డైవ్’ అయితే నీటి అడుగున నడక. పట్టికలో ఇవన్నీ ఒకేచోట, ఒకేలాంటి చేపల ఫొటోతో కనిపిస్తాయి. కార్డున్నవాళ్లు పొరపాటున డిస్కవర్ కొంటే మొదటి అరగంట మాస్క్‌లో నీళ్లు ఊదే పాఠంతోనే సరి.

కార్డు లేదుగానీ నేర్చుకోవాలని ఉంటే, థియరీ, కొలను పాఠాలు ఇంటి దగ్గరే ముగించి రెఫరల్ కాగితం (అంతవరకు పూర్తిచేశారని మీ ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చేది) పట్టుకెళ్లాలి. మిగిలిన నాలుగు సముద్రపు డైవ్‌లకి రోజుకి రెండు చొప్పున రెండు రేవుల రోజులు కావాలి. రెండు రేవుల్లో రెండు షాపుల వాళ్లు ఆ నాలుగూ పంచుకోవాలంటే ముందే మాట్లాడి ఒప్పించాలి. ఇది కుదిరినంత సులభంగా బెడిసికొడుతుంది కూడా.

ఎక్కువమంది డైవ్ పోయేది నీళ్లలో కాదు, కాగితం దగ్గర. చాలా నౌకలు కార్డుతోపాటు గత రెండేళ్లలో డైవ్ చేసిన రుజువు అడుగుతాయి, కాబట్టి లాగ్‌బుక్ లేదా దాని ఫొటో ఉండాలి. ఆ తర్వాత మెడికల్ ఫారం. 2020లో మార్చిన ఫారంలో మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. 45 ఏళ్లు దాటాయా అన్నది అందులో రెండోది. దానికి అవునంటే రెండో పేజీలో ఇంకొన్ని ప్రశ్నలకి వెళ్లాలి. అక్కడ ఒక్క అవును పడ్డా డాక్టర్ సంతకం లేకుండా దింపరు. రక్తపోటు మందు వేసుకునేవాళ్లు ఈ ఫారాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి, తమ డాక్టర్ చేత సంతకం పెట్టించుకుని వెళ్లాలి. పడవ ఎక్కే ముందు క్లిప్‌బోర్డు చేతికిచ్చినప్పుడు తేలితే చేయగలిగింది ఏమీ ఉండదు. అన్నిటికీ కాదని టిక్ పెట్టేద్దామనే తెలివి వద్దు. ఆ ప్రశ్నలు గుండె, ఊపిరితిత్తుల గురించి.

నేరుగా బుక్ చేసేటప్పుడు మొదటి మెయిల్‌లోనే నౌక పేరు, తేదీ, రేవు చేరే సమయం, ఆల్ అబోర్డ్ సమయం (అందరూ తిరిగి నౌకలో ఉండాల్సిన గడువు) రాయాలి. ఎన్ని డైవ్‌లు చేశారు, చివరిది ఎప్పుడు, ఎత్తు, బరువు, చెప్పుల సైజు కూడా చెప్పండి. వాళ్లని అడగాల్సినవి ఇవి: నౌక రేవులో ఆగకపోతే పూర్తి డబ్బు వాపసు ఇస్తారా? రెండో డైవ్ నుంచి ఎన్ని గంటలకి గట్టుకి చేరుస్తారు? ఒక గైడ్‌కి ఎంతమంది? పడవలో ఆక్సిజన్ ఉందా? ఆక్సిజన్ ప్రశ్నకి నీళ్లు నమిలే షాపుకి అక్కడితో నమస్కారం పెట్టేయడమే. ‘నౌక ప్రయాణికులా, మాకు అలవాటే’ అని ఊరుకోకుండా గంటలతో సహా జవాబు రాసిన షాపు నమ్మదగ్గది.

సమయం లెక్క ఇలా వేసుకోవాలి. రెండు ట్యాంకుల ట్రిప్పులో ఒక్కో డైవ్ సుమారు 45 నిమిషాలు, మధ్యలో గంట విరామం, పైన పడవ ప్రయాణం, పరికరాలు కట్టుకోవడం, విప్పడం కలిపి నాలుగు నుంచి ఐదు గంటలు. నౌక 8కి ఆగితే చేతిలో సంచితో గట్టు మీదికి వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఆల్ అబోర్డ్ నాలుగున్నర అనుకుంటే, రెండున్నరకల్లా గట్టు చేరే పడవ మాత్రమే ఎక్కాలి. ఆ రెండు గంటల తేడా ఇంజను మొరాయించినా తట్టుకోవడానికి. ఆల్ అబోర్డ్ వేరు, నౌక కదిలే సమయం వేరు. మొదటిది సాధారణంగా అరగంట ముందుంటుంది. గేటు మూసేది దాన్నిబట్టే.

గడియారంలోనే ఇంకో ఉచ్చు ఉంది. మెక్సికోలో కొజుమెల్ దీవి ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే సమయం పాటిస్తోంది. కేమన్ దీవులూ వేసవిలో గడియారం మార్చవు. ఫ్లోరిడా మాత్రం మారుస్తుంది. అంటే వేసవిలో ఫ్లోరిడా సమయం మీదే నడిచే నౌకలో 9 అయితే, గట్టు మీద డైవ్ షాపు గోడకి 8. ఫోన్ దానంతటదే స్థానిక సమయానికి మారిపోతుంది, మీరు దాన్ని నమ్ముకుంటే తిరుగు ప్రయాణంలో గంట వెనకబడతారు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని దాన్ని నౌక సమయానికే ఉంచండి. షాపుకి రాసే మెయిల్‌లో ‘స్థానిక సమయం’ అని విడిగా రాయండి.

ఇక రేవును బట్టి తీర్పు మారుతుంది. కొజుమెల్‌లో నేరుగా బుక్ చేయడమే సరైనది. నౌకలు గట్టుకే ఆనుతాయి, డైవ్ షాపులు దగ్గరే. పలాంకార్, శాంతా రోసా వాల్ లాంటి చోట్లకి మెల్లగా పోయే పెద్ద పడవ కాకుండా వేగం పడవ ఉన్న షాపు చూసుకోవాలి. ఇక్కడ అంతా డ్రిఫ్ట్ డైవింగ్, అంటే ప్రవాహం తోస్తుంటే పోవడం, పడవ పైన వెంటాడటం. పైకి తేలే సిగ్నల్ బెలూన్ వాడటం రానివాళ్లు గుంపు వదలకూడదు. సాగర పార్కులో చేతి గ్లౌజులు, కత్తులు నిషేధం. పార్కు రుసుము ధరలో ఉందో లేదో అడగాలి.

గ్రాండ్ కేమన్‌లో నౌక ఆనే గట్టు లేదు. చిన్న టెండర్ పడవల్లో జార్జ్‌టౌన్‌కి చేరుస్తారు. నౌక టూర్లు కొన్నవాళ్లని ముందు దింపుతారు, మిగిలినవాళ్లు వంతు కోసం ఆగాలి. అదీకాక పడమటి తీరంలో సముద్రం పోటెత్తినప్పుడు నౌకలు దక్షిణాన స్పాట్స్ అనే చోటికి మారతాయి. మీ డైవ్ షాపు మనిషి జార్జ్‌టౌన్‌లో ఎదురుచూస్తుంటే మీరు స్పాట్స్‌లో దిగుతారు. ఇక్కడ నేరుగా బుక్ చేస్తే ఉదయం మొదటి ట్రిప్పు కాకుండా దాని తర్వాతిది తీసుకోవాలి, షాపు ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోవాలి.

బెలీజ్ సిటీలో నౌక ఇంకా దూరంగా లంగరేస్తుంది. అక్కడ నౌక టికెట్టే కొనండి, బేరం చూసుకోకండి. ప్రసిద్ధమైన గ్రేట్ బ్లూ హోల్ తీరానికి సుమారు 70 కిలోమీటర్ల దూరం. అక్కడ చేసే డైవ్ 40 మీటర్లకి దగ్గర, ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కార్డు హద్దేమో 18. మామూలు క్రూజ్ రోజులో దాన్ని ఇరికించాలని చూడకపోవడం మంచిది. కరీబియన్ దీవి బొనైర్ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. క్రాలెన్‌డైక్‌లో గట్టు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే డైవ్ చేయొచ్చు. కానీ నీళ్లలో దిగే ముందు సాగర పార్కు రుసుము ఆన్‌లైన్‌లో కట్టి, ఓరియెంటేషన్ వినాలి. కట్టిన రసీదు ఫోన్‌లో సేవ్ చేసుకుంటే షాపు కౌంటర్ దగ్గర వరస తప్పుతుంది. ఇక్కడా గ్లౌజులు కుదరవు.

అద్దె పరికరాలు ఏ దారిలో వెళ్లినా ఒకటే తంతు. మాస్క్, డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే చేతి పరికరం) సొంతవి తీసుకెళ్లండి, మిగతావి అద్దెకి చాలు. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) నోట్లో పెట్టుకునే ముందు మౌత్‌పీస్‌ని పట్టి ఉంచే జిప్ టై ఉందో లేదో వేలితో తడమాలి. అది తెగి ఉంటే నీళ్లలో రెగ్యులేటర్ చేతికొచ్చి మౌత్‌పీస్ మాత్రం పళ్ల మధ్యే ఉండిపోతుంది. తర్వాత సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే గేజ్ వైపు చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు 200 బార్ దగ్గర కదలకుండా ఉంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నట్టు. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి జారి మళ్లీ లేస్తోందంటే వాల్వ్ కొంచెమే తెరిచారన్నమాట. పైన బాగానే ఉంటుంది, 20 మీటర్ల దగ్గర ఊపిరి అందదు. బీసీడీ (గాలి నింపి తేలే జాకెట్) ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలాక గాలి ఇంకా బుసకొడుతుంటే ఆ జాకెట్ మార్చమనండి. ఉప్పు పట్టిన బటన్ నీళ్లలో ఇరుక్కుంటే మనిషి బెలూన్‌లా పైకి లేస్తాడు. 50 బార్ మిగలగా పడవెక్కాలి, అంతకంటే ముందే గైడ్‌కి వేళ్లతో చూపించాలి.

డైవ్ చేశాక వెంటనే ఎత్తుకి పోతే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు, అందుకే విమానం లెక్క బుకింగ్ రోజే వేసుకోవాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ మార్గదర్శకం ప్రకారం ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రోజులో ఎక్కువ డైవ్‌లు గానీ వరసగా కొన్నాళ్లు గానీ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. క్రూజ్ చివరి రేవులో మధ్యాహ్నం 3కి రెండో డైవ్ నుంచి పైకొచ్చి, మర్నాడు ఉదయం 8కి విమానం పెట్టుకుంటే 17 గంటలే. 10 గంటల విమానమైతే సరిపోతుంది. కొండలూ విమానంతో సమానమే. హవాయి క్రూజ్‌లో ఉదయం డైవ్, సాయంత్రం 3,055 మీటర్ల హలేయాకలా శిఖరం పెట్టుకునేవాళ్లున్నారు. క్రమం తిరగేయండి, ముందు కొండ, తర్వాత సముద్రం. హెలికాప్టర్ టూరుకీ ఇదే వర్తిస్తుంది.

నౌక వైద్యశాలలో రీకంప్రెషన్ ఛాంబర్ (ఆ బుడగల జబ్బుకి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఉంటుందనుకోకండి. డైవ్ ప్రమాదాలకి విడిగా బీమా తీసుకోండి. మామూలు ప్రయాణ బీమాలో లోతు హద్దు ఎంత రాశారో, ఛాంబర్ దాకా తరలించే ఖర్చు ఉందో లేదో చూడాలి. జలుబు ఉంటే డైవ్ మానేయడమే. ముక్కు తెరిపించే మాత్ర వేసుకుని దిగితే అడుగున దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు సైనస్‌లో గాలి ఇరుక్కుంటుంది. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలూ, చెవి వెనక అంటించే ప్యాచ్‌లూ కొందరికి మత్తు తెస్తాయి. అవి పడతాయో లేదో సముద్రం మీద గడిపే రోజున తేల్చుకోవాలి, డైవ్ రోజున కాదు.

దిగే రోజు సంచిలో పాస్‌పోర్ట్ నకలు, నౌక కార్డు, కొంత నగదు, రేవు ఏజెంట్ (రేవులో నౌక కంపెనీ తరఫు మనిషి) నంబరు ఉండాలి. ఆ నంబరు నౌక రోజూ ఇచ్చే కార్యక్రమాల పత్రంలోనో యాప్‌లోనో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నౌక వెళ్లిపోతే ముందు పలికేది అతనే. డైవ్ కత్తి నౌకలోకి తేవద్దు, భద్రతా తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. తిరిగొచ్చాక తడి పరికరాలు బాల్కనీలో ఆరేస్తే గాలికి ఎగిరిపోతాయి. షవర్‌లోనే మంచినీళ్లతో కడిగి, అక్కడి తాడుకే తగిలించి, ఫ్యాన్ వేసి వదిలేయండి. వెట్‌సూట్‌ని తిరగేసి లోపలివైపు ముందు ఆరనివ్వాలి, లేకపోతే మర్నాటి రేవుకి వాసన మీకంటే ముందు దిగుతుంది.