జాగ్రత్త: "డేకేర్‌కి పర్మిషన్ ఉంది" అన్న మాట నమ్మి ఇల్లు కొన్నాం, 8 సెంట్ల భూమి దగ్గర మునిగాం

న్యూజెర్సీలో డేకేరో, ట్యూషన్ సెంటరో, క్లినిక్కో పెడదామని పాత ఇల్లు వెతుకుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఏమనుకోకండి. టౌన్‌షిప్ పేరు, ఏజెంట్ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు. పేర్లు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు, ఏ ఊళ్ళోనైనా ఇలాగే జరగొచ్చు.

నేను ఏడేళ్ళు వేరేవాళ్ళ డేకేర్‌లో పనిచేశాను. సొంతంగా పెడదామని మా ఆయన, నేను, మా మరిది, తోడికోడలు నలుగురం కలిసి ఒక ఎల్ఎల్‌సీ (కంపెనీ) పెట్టాం. సెంట్రల్ జెర్సీలో కౌంటీ రోడ్డు మీద పాత ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది, పెద్ద చెట్లు, వెనకాల పిల్లలు ఆడుకోవడానికి బోలెడంత జాగా, టాక్స్ రికార్డులో 1.04 ఎకరాలు. ఏజెంట్ తెలుగబ్బాయే, మొదటిరోజు నుంచి నన్ను అక్కా అనే పిలిచాడు. "అక్కా, ఇది రెసిడెన్షియల్ జోనే కానీ ఆర్డినెన్స్‌లో (టౌన్‌షిప్ నిబంధనల్లో) చైల్డ్ కేర్ సెంటర్ అని రాసే ఉంది, కండిషనల్ యూజ్ అంటారు, ప్లానింగ్ బోర్డుకి ఒకసారి వెళ్ళొస్తే అయిపోతుంది, మీరేం టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే రాసి ఉంది. దాని కింద షరతులతో ఇంకో పేజీన్నర కూడా రాసి ఉంది. అది అతను చదవలేదు, మేమూ చదవలేదు.

మనకి ఊళ్ళో నాలా ఫీజు కట్టి పొలాన్ని కన్వర్షన్ చేయించుకున్న అలవాటు కదా, ఇదీ అలాంటిదే, ఫీజు కట్టి కాగితం తెచ్చుకోవడమే అనుకున్నాం.

కొనేటప్పుడు చేసిన తప్పు ముందు చెప్తాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని మీదే నిలబడింది. ఇక్కడ బ్రోకర్ రాసిన ఇంటి కాంట్రాక్టుకి 3 పనిదినాల అటార్నీ రివ్యూ ఉంటుంది, తెలిసిందే. మా అటార్నీ ఇళ్ళ క్లోజింగులు చేసే ఆయన, టైటిల్ చూశాడు, భూమిలో ఆయిల్ ట్యాంకు ఉందేమో చూడమన్నాడు, బాకీ టాక్సులు చూశాడు. చివర్లో "డేకేర్ అప్రూవల్ వచ్చాకే క్లోజింగ్ అని క్లాజు పెట్టమంటారా" అని అడిగాడు కూడా. ఏజెంట్ ఏమో "అక్కా, అలా పెడితే అమ్మేవాళ్ళు అంతకాలం ఆగరు, వెనకాల ఇంకో బయ్యర్ రెడీగా ఉన్నాడు" అన్నాడు. ఆ ఇంకో బయ్యర్ ఉన్నాడో లేడో ఆ దేవుడికే తెలియాలి. మేం క్లాజు వద్దన్నాం. 60 రోజుల్లో క్లోజింగ్ అయిపోయింది, పాలు కూడా పొంగించాం.

తర్వాత సైట్ ప్లాన్ కోసం ఇంజనీర్‌ని పెట్టుకున్నాం. ల్యాండ్ యూజ్ అటార్నీని వేరేగా పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే న్యూజెర్సీలో ఎల్ఎల్‌సీ పేరు మీద అప్లికేషన్ వేస్తే బోర్డు ముందు మనంతట మనం నిలబడి మాట్లాడటానికి లేదు, లాయర్ ఉండాల్సిందే. అప్లికేషన్ ఫీజు ఒకటి, దానిపైన ఎస్క్రో ఇంకొకటి. ఈ ఎస్క్రో సంగతి చాలామందికి తెలియదు. మన ప్లాన్‌ని తప్పుపట్టడానికి టౌన్‌షిప్ తరఫున కూర్చునే ప్లానర్‌కీ ఇంజనీర్‌కీ గంటల లెక్కన ఇచ్చే డబ్బు మనదే. అయిపోతే మళ్ళీ నింపమని లెటర్ వస్తుంది.

హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు 200 అడుగుల లోపల ఉన్న ప్రతి ఓనర్‌కీ సర్టిఫైడ్ మెయిల్‌లో గానీ చేతికి గానీ నోటీసు ఇవ్వాలి, బహిరంగ ప్రకటన కూడా వేయించాలి. ఆ ఓనర్ల లిస్టు టౌన్‌షిప్‌లో 10 డాలర్లకి ఇస్తారు. మొత్తం ప్రాసెస్‌లో చవగ్గా దొరికింది అదొక్కటే.

ప్లానింగ్ బోర్డు మొదటి హియరింగ్. నేను పట్టుచీర కట్టుకోలేదు కానీ దాదాపు అంత తయారయ్యాను. మా ఇంజనీర్ ప్రమాణం చేసి, బోర్డు మీద డ్రాయింగ్ పెట్టి పది నిమిషాలు మాట్లాడాడో లేదో, బోర్డు అటార్నీ సర్వే కాగితం తిప్పి చూసి ఒక ప్రశ్న అడిగాడు. "లాట్ ఏరియా రైట్ ఆఫ్ వే తీసేసి లెక్కపెట్టారా?" అంటే రోడ్డుకి పోయే భాగం తీసేసి.

దీని దగ్గర కాస్త ఆగండి, మీరు ఇంకేం చదవకపోయినా ఇది చదవండి. ఆ ఊరి ఆర్డినెన్స్‌లో రెసిడెన్షియల్ జోన్‌లో చైల్డ్ కేర్ సెంటర్ పెట్టాలంటే షరతులు ఉన్నాయి. కౌంటీ రోడ్డు మీద ఉండాలి (ఉంది), పక్క ఇళ్ళ వైపు 25 అడుగుల చెట్ల బఫర్ ఉండాలి (ఉంది), ముందువైపు పార్కింగ్ ఉండకూడదు (మార్చుకున్నాం), కనీసం 1 ఎకరం లాట్ ఉండాలి. టాక్స్ రికార్డు ప్రకారం 1.04 కదా, 4 సెంట్లు ఎక్కువే ఉందని ధైర్యంగా ఉన్నాం. కానీ పాత డీడ్‌లు చాలావాటిలో హద్దు రోడ్డు మధ్య గీత దాకా ఉంటుందట. అంటే మనం కొన్న భూమిలో కొంత తారురోడ్డు కిందే ఉంది! 180 అడుగుల ఫ్రంటేజ్ (రోడ్డు వైపు వెడల్పు), రోడ్డు కింద 30 అడుగుల లోతు, 5,400 చదరపు అడుగులు పోయింది. ఆర్డినెన్స్ వెనకాల నిర్వచనాల పేజీలో "లాట్ ఏరియా అంటే రైట్ ఆఫ్ వే కాకుండా" అని ఒకే ఒక్క లైను. మిగిలింది 0.92 ఎకరం. మన లెక్కలో చెప్పాలంటే 8 సెంట్లు తక్కువ, 400 గజాలు. హైదరాబాద్‌లో 400 గజాలు అంటే ఎంతో మీకు చెప్పక్కర్లేదు, ఇక్కడ మాకు అంతకంటే ఖరీదైంది.

కొద్దిగా తక్కువే కదా, సర్దుకుంటారులే అనుకుంటాం. అలా కుదరదు. న్యూజెర్సీ మునిసిపల్ ల్యాండ్ యూజ్ లా ప్రకారం, రాసిన షరతులన్నీ ఉన్నాయంటే ఫైల్ ప్లానింగ్ బోర్డు దగ్గర ఉంటుంది, హాజరైనవాళ్ళలో మెజారిటీ వస్తే చాలు, పైగా షరతులన్నీ కుదిరినప్పుడు కాదనడానికి వాళ్ళకీ పెద్ద కారణం ఉండదు. ఒక్క షరతు తప్పినా అది డీ-3 అనే వేరియన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) అయిపోతుంది, అది ఇచ్చే అధికారం ప్లానింగ్ బోర్డుకి లేదు. జోనింగ్ బోర్డుకి వెళ్ళాలి. అక్కడ 7 మందిలో 5 ఓట్లు కచ్చితంగా రావాలి. ఆ రాత్రి బోర్డు అటార్నీ "మాకు అధికారం లేదు" అని ఫైల్ మూసేశాడు. మేం ఇంటికొచ్చి ఎవరం మాట్లాడుకోలేదు.

మళ్ళీ కొత్త అప్లికేషన్, కొత్త ఫీజు, కొత్త ఎస్క్రో, కొత్త నోటీసులు. ఈసారి ట్రాఫిక్ ఎక్స్‌పర్ట్, సొంత ప్లానర్ కూడా. నెలకో హియరింగ్ చొప్పున మూడు. మధ్యలో ఒకరాత్రి 5గురు సభ్యులే వచ్చారు, అంటే ఒక్కరు కాదన్నా పోతుంది, మా అటార్నీ వచ్చే నెలకి వాయిదా అడిగాడు. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి, తక్కువమంది ఉన్నరోజు ఓటుకి వెళ్ళొద్దు. రాని సభ్యుడు రికార్డింగ్ విని సంతకం పెడితే తర్వాత ఓటు వేయొచ్చు.

పక్క ఇళ్ళవాళ్ళు ఊరికే వచ్చి గోల చేస్తారనుకున్నాను. కాదు, కలిసి లాయర్‌ని పెట్టుకుని వచ్చారు. వాళ్ళలో ఒకాయన మన తెలుగాయనే, దసరాకి వాళ్ళింటి బొమ్మల కొలువుకి వెళ్ళొచ్చాం కూడా. చెయ్యెత్తి ప్రమాణం చేసి, నా వైపు చూడకుండా, "పొద్దున ఏడున్నరకి మా డ్రైవ్‌వే ముందు 60 కార్లు ఆగితే మా పిల్లల స్కూల్ బస్ ఎక్కడ ఆగుతుంది" అన్నాడు. కోపమొచ్చింది, నిజమే చెప్తున్నా. కానీ నేను ఆ ఇంట్లో ఉంటే నేనూ వచ్చేదాన్నేమో.

మా ప్లానర్ బాగానే వాదించాడు. ఈ రాష్ట్ర చట్టంలో ఆసుపత్రి, స్కూలుతోపాటు చైల్డ్ కేర్ సెంటర్‌ని కూడా ప్రజలకి మేలుచేసే వాడుకగా పేరు పెట్టి రాశారు, దాన్ని ఎత్తి చూపించాడు. షరతు ఒకటి తప్పినా ఈ స్థలం డేకేర్‌ని మోయగలదా లేదా అన్నదే చూడాలని 1994లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు కవెంట్రీ స్క్వేర్ కేసులో చెప్పింది, అదీ చెప్పాడు. కొందరు సభ్యులు తలూపారు.

ఓటింగ్. ఒక్కొక్కరి పేరు పిలుస్తున్నారు. ఎస్, ఎస్, నో, ఎస్, నో, నో, ఎస్. నలుగురు ఎస్, ముగ్గురు నో. మా మరిది నా చెయ్యి పట్టుకుని "వదినా, గెలిచాం" అన్నాడు. అప్పుడు ఛైర్మన్ "అప్లికేషన్ డినైడ్" అన్నాడు. మరిదికి రెండు నిమిషాలు అర్థంకాలేదు, కార్లో కూర్చున్నాక "మెజారిటీ మనదే కదా" అని మూడుసార్లు అడిగాడు.

కోర్టుకి వెళ్ళొచ్చు, బోర్డు నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లో. అటార్నీ మీ కేసులో బలం ఉందన్నాడు, ఎంతకాలం పడుతుందంటే మాత్రం భుజాలెగరేశాడు. అప్పటికే రెండు బోర్డులకీ కలిపి ఫీజులు, ఎక్స్‌పర్టులు, ఎస్క్రోలు 58 వేల డాలర్లు దాటాయి. మార్ట్‌గేజ్, మూడు నెలలకోసారి కట్టే ప్రాపర్టీ టాక్స్ వేరే. వదిలేశాం.

అన్నిటికంటే మండేది ఏంటంటే, ఆ అటార్నీయే చివర్లో మాటవరసకి అన్నాడు, న్యూజెర్సీలో లైసెన్స్ ఉన్న చైల్డ్ కేర్ సెంటర్ అన్ని నాన్-రెసిడెన్షియల్ జోన్లలోనూ రాష్ట్ర చట్టం ప్రకారమే అనుమతి ఉన్న వాడుక అని. అంటే ఇదే డేకేర్‌ని ఏ ఆఫీసు జోన్‌లోనో పెట్టి ఉంటే కండిషనల్ అన్న మాటే వచ్చేది కాదు, సైట్ ప్లాన్ చూసుకుంటే సరిపోయేది. చెట్లు, పెరడు అని మురిసిపోయి రెసిడెన్షియల్‌లో కొన్నాం.

కొనేముందు మీరు చేయాల్సింది ఏంటంటే, టౌన్‌షిప్ ఆర్డినెన్స్ చాలావరకు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, కండిషనల్ యూజ్ అన్న హెడ్డింగ్ కింద ఉన్న ప్రతి లైనూ మీరే చదవండి, చదివి నిర్వచనాల పేజీకి వెళ్ళి లాట్ ఏరియా, ఫ్రంటేజ్ ఎలా కొలుస్తారో చూడండి. టాక్స్ రికార్డులో ఎకరాలు నమ్మొద్దు, కాంట్రాక్టు టైములోనే సర్వే చేయించండి, నెట్ ఏరియా వేరేగా రాయమనండి. జోనింగ్ ఆఫీసర్‌ని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో చెప్పిన మాట ఎక్కడా పనికిరాదు. ఇక కాంట్రాక్టులో "ఫైనల్ అప్రూవల్, అప్పీల్ గడువు కూడా దాటాక క్లోజింగ్" అని ఉండాల్సిందే. ఉత్త అప్రూవల్ అని రాస్తే చాలదు, ఆ 45 రోజుల్లో పక్కింటివాళ్ళు కోర్టుకి వెళ్తే మీరు ఇల్లు కొనేసి ఉంటారు. అమ్మేవాళ్ళు ఆగలేం అంటే పోనివ్వండి, ఇంకో ఇల్లు దొరుకుతుంది.

"ఇప్పటికే అప్రూవల్ ఉంది" అని అమ్మే ప్రాపర్టీలు ఇంకో రకం. అప్రూవల్ స్థలంతోపాటే వస్తుంది, నిజమే, కానీ బోర్డు రిజల్యూషన్ కాపీ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఎంతమంది పిల్లలు, ఏ టైములు, కంచె ఎంత ఎత్తు, అన్నీ దాన్లోనే ఉంటాయి. అమ్మేవాళ్ళు ఇవ్వకపోతే టౌన్‌షిప్ క్లర్క్‌కి ఓప్రా రిక్వెస్ట్ (ప్రభుత్వ రికార్డులు అడిగే దరఖాస్తు) పెట్టండి, మామూలుగా 7 పనిదినాల్లో సమాధానం ఇవ్వాలి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు మాకు సంబంధం లేదనుకోకండి, పేరే మారుతుంది. టెక్సస్‌లో చాలా సిటీల్లో స్పెసిఫిక్ యూజ్ పర్మిట్ అంటారు, ప్లానింగ్ కమిషన్ దాటాక సిటీ కౌన్సిల్ కూడా ఓటేస్తుంది. పెన్సిల్వేనియాలో స్పెషల్ ఎక్సెప్షన్ ఒకటి, కండిషనల్ యూజ్ ఇంకొకటి, రెండూ వేర్వేరు బోర్డుల దగ్గర.

ఇప్పుడు ఆ ఇల్లు అద్దెకిచ్చాం, అద్దె మార్ట్‌గేజ్‌కి సరిపోదు. నేను మా సొంతింట్లోనే ఫ్యామిలీ చైల్డ్ కేర్ హోమ్‌గా రిజిస్టర్ చేసుకుని 5గురు పిల్లల్ని చూస్తున్నాను, దానికి ఏ బోర్డుకీ వెళ్ళక్కర్లేకపోయింది.

పోయిన వారం ఏజెంట్ మళ్ళీ ఫోన్ చేశాడు. "అక్కా, ఈసారి సూపర్ ప్రాపర్టీ, 2 ఎకరాలు, మెయిన్ రోడ్డు మీద." రోడ్డు తీసేసి రెండా, కలిపి రెండా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కనుక్కుని చెప్తానక్కా అన్నాడు. ఇంకా చెప్పలేదు.