జ్ఞానోపదేశం: పిల్లలకు క్లాసు మేలా, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడం మేలా?

చిత్తూరులో మా క్యాథలిక్ విచారణలో, అంటే పారిష్‌లో, పదకొండేళ్లుగా ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మన విశ్వాస పాఠాలు, చెబుతున్నాను. ఈ ఏడు ఫాదర్ గారు ఒక మాట అడిగారు. మేం ఆరుగురు టీచర్లం, మాకున్నది వారానికి ఒక గంట. ఎప్పటిలాగే పిల్లలకు తరగతులవారీగా చెబుదామా, పెద్దల్నీ పిల్లల్నీ కలిపి కూర్చోబెడదామా, లేక ఇళ్లకే వెళ్లి చెబుదామా?

క్లాసును తీసిపారేయలేం. మొదటి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం, తీసుకునే పిల్లకు ఆ అప్పంలో ఉన్నది క్రీస్తు ప్రభువేనని తెలియాలి, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఎలా చేయాలో తెలియాలి. ఏడేళ్ల వయసుకే సత్ప్రసాదం ఇవ్వవచ్చని 1910లో పదో పయస్ పోపుగారు చెప్పినప్పటి నుంచి ఈ సిద్ధపాటు మనకు తప్పని పని. జపాలు, పది ఆజ్ఞలు, ఏడు దివ్యసంస్కారాలు వరుసగా నేర్పాలంటే క్లాసే కావాలి. కానీ భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం) అయిన మరుసటి వారం నుంచి ఆ పిల్లలు కనబడరు. స్కూలులా నడిపాం కాబట్టి, స్కూలు అయిపోయిందనే అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

పోయిన తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు రోజుల్లో, ఒక అమ్మాయి నోటు పుస్తకం చూశాను. పరలోక జపం మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఇంట్లో అవ్వ తమిళంలో జపం చెబుతుంది, మా ఊళ్లో అది మామూలే. "మీ రాజ్యము వచ్చునుగాక అంటే ఏంటమ్మా?" అని అడిగాను. "తెలీదు టీచర్. మా అమ్మకు కూడా తెలీదంట" అంది.

ఆ పిల్లకు నేను అర్థం చెప్పగలను. వాళ్లమ్మకు ఎవరు చెబుతారు?

అందుకే మూడు నెలలు రెండో పద్ధతి చేసి చూశాం. నెలకోసారి, పూజలో చదివిన సువిశేషమే, అంటే యేసు ప్రభువు గురించి చెప్పే బైబిలు భాగమే, పాఠం. మన ఆదివారం పఠనాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ఎక్కువగా తపస్సు, పాస్కా (ఈస్టరు) కాలాల్లో వస్తుంది. ఎనిమిదేళ్లప్పుడు విన్న కథను పిల్లవాడు పదకొండేళ్లకు మళ్లీ వింటాడు, అప్పుడు వేరే ప్రశ్న వేస్తాడు. వాళ్ల నాన్నకూ అంతే. ఏ క్లాసు పుస్తకంలోనూ ఈ సౌకర్యం లేదు.

పాస్కా కాలంలో ఎమ్మావు దారి కథ వచ్చింది: తిరిగి లేచిన యేసు ప్రభువు ఆ దారిలో ఇద్దరు శిష్యులతో కలిసి నడిచినా, వాళ్లు ఆయన్ని గుర్తుపట్టలేదు. "పక్కనే నడుస్తుంటే యేసు ప్రభువును వాళ్లు ఎందుకు గుర్తుపట్టలేదు?" అని ఒక పిల్లవాడు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వాళ్ల నాన్న అందుకున్నాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లోడింగ్ పని ఆయనది, ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడే మనిషి. "బాధలో ఉన్నోడికి పక్కన ఎవరున్నారో తెలీదు నాయనా. మీ తాత పోయినప్పుడు ఎవరెవరు వచ్చారో నాకిప్పటికీ గుర్తులేదు" అన్నాడు. పదకొండేళ్లు ఆ పాఠం చెప్పాను, ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు.

ఇబ్బందులు లేవని కాదు. చిన్నపిల్లలు పావుగంటకే లేచి తిరుగుతారు. చదువు రాని పెద్దలు, తమను చదవమంటారేమోనని వెనక బెంచీల్లో సర్దుకుంటారు. అందుకని మేం ఎవరినీ చదవమని అడగం. ఒకరు రెండుసార్లు గట్టిగా చదువుతారు, మిగతావాళ్లు విని మాట్లాడతారు.

ఇళ్లకు వెళ్లడం మంచిదే. కూర్చున్నప్పుడూ నడిచేటప్పుడూ పిల్లలకు చెప్పమని బైబిలులోని ద్వితీయోపదేశ కాండం ఆరో అధ్యాయం తల్లిదండ్రులకే ఆజ్ఞాపించింది. కానీ ఆరుగురం అన్ని వీధులూ తిరగలేం. అక్టోబరులో ఎలాగూ ఇళ్లలో జపమాల చెప్పుకుంటాం కాబట్టి, ఆ నెలకు దాన్ని ఉంచుకుంటే చాలు.

నా ఓటు కలిసి కూర్చోవడానికే. పెద్దలకు చెప్పే ఉపదేశమే ప్రధానమని 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు రాశారు. మిగతా ఉపదేశమంతా ఏదో రకంగా దానివైపే నడవాలని 1997లో రోము మళ్లీ చెప్పింది. మేం మాత్రం ఆరుగురినీ పిల్లలకే కేటాయించాం. ఇద్దరు టీచర్లు సత్ప్రసాదానికీ అభ్యంగనానికీ సిద్ధపడే పిల్లల్ని చూసుకుంటే, మిగతా నలుగురం నెలకు రెండుసార్లు అందరినీ కలిపి కూర్చోబెట్టగలం.

మామిడి సీజన్‌లో మాత్రం టైం మార్చాలి. ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లు పూజ అవ్వగానే బస్సుకు పరిగెత్తుతారు. జూన్, జులై నెలల్లో పూజకు ముందే, ఆరింటికి పెట్టమని ఫాదర్ గారిని అడుగుతాను.