పిన్‌బాల్ ప్రదర్శనలో మెషిన్ కొనబోయేవారికి హెచ్చరిక: డబ్బు ఇచ్చే ముందు ఒక్కసారి ఆపించి, మళ్ళీ వేయించండి

అమెరికాలో పిన్‌బాల్ (అద్దం కింద వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కొట్టి స్కోరు తెచ్చుకునే ఆట) ప్రదర్శనలకు వెళ్ళి పాత మెషిన్ ఒకటి ఇంటికి తెచ్చుకుందామనుకునే తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. గత ఏడాది మేము మొదటిసారి అలాంటి ప్రదర్శనకు వెళ్ళి, శనివారం మధ్యాహ్నం 3,400 డాలర్లు ఇచ్చి ఒక మెషిన్ కొన్నాము. హాలులో మూడు రోజులపాటు జనం వరుసకట్టి ఆడిన ఆ మెషిన్ మా ఇంటికి వచ్చాక ఒక్కసారి కూడా మొదలు కాలేదు. దాన్ని బాగుచేయించడానికి మరో 1,150 డాలర్లు అయ్యాయి. అమ్మినాయన తెలిసి మోసం చేశాడని రుజువు చేయగల ఆధారం నా దగ్గర లేదు కనుక ఆయన పేరుగానీ, ప్రదర్శన పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలు మాత్రం ఏదీ దాచకుండా రాస్తున్నాను.

మేము ఉండేది షికాగో శివారులో. పిన్‌బాల్‌కు పుట్టినిల్లు లాంటి ఊరు ఇది. గాట్లీబ్, బ్యాలీ, విలియమ్స్ వంటి పెద్ద తయారీ సంస్థలన్నీ ఇక్కడే పెరిగాయి. బేస్‌మెంటులో క్యారమ్స్ బల్ల పక్కన ఖాళీగా ఉన్న మూలలో ఒక పిన్‌బాల్ మెషిన్ పెట్టుకోవాలన్నది నాకూ మా అబ్బాయికీ చాలాకాలంగా ఉన్న కోరిక. ప్రదర్శన జరిగింది నాలుగు గంటల ప్రయాణ దూరంలో, పక్క రాష్ట్రంలోని ఒక హోటల్ హాలులో. ద్వారం దగ్గర టికెట్ కొంటే చేతికి ఒక పట్టీ కడతారు. ఆ తరువాత ఏ మెషిన్‌లోనూ నాణెం వేయనక్కర లేదు, ఎంతసేపైనా ఆడవచ్చు. మెషిన్లలో చాలావరకు ఔత్సాహికులు తమ ఇళ్ళనుంచి మోసుకొచ్చినవే. వాటిలో కొన్నింటి అద్దం మీద ధర రాసిన చీటీ ఉంటుంది. తొలిసారి వెళ్ళినవారు ఇక్కడే పొరబడతారు: ఆ చీటీ చూడగానే ఇదొక దుకాణమనీ, పెట్టిన సరుకును నిర్వాహకులు ఒకసారి పరీక్షించి ఉంటారనీ అనిపిస్తుంది. నిజానికి అది ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే బేరం మాత్రమే. మేము వెళ్ళినచోట నిర్వాహకులకు అందులో ఎటువంటి పూచీ లేదని టికెట్ వెనక చిన్న అక్షరాలతో రాసే ఉంది.

మాకు నచ్చినది 1981లో బ్యాలీ తయారుచేసిన ఎయిట్ బాల్ డీలక్స్. 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ అనే మెషిన్ 20,000కు పైగా అమ్ముడైనా, దాని ధర మా అందుబాటులో లేదు. ఎయిట్ బాల్ డీలక్స్ బిలియర్డ్స్ ఆట మీద అల్లినది. కుడివైపు ఏడు డ్రాప్ టార్గెట్లు వరుసగా నిలబడి ఉంటాయి. బంతి తగిలినది తగిలినట్టు కిందికి దిగిపోతుంది. పైగా ఆ మెషిన్ మాట్లాడుతుంది. కబుర్లాపి కర్రకు సుద్ద రాయమని ఆటగాణ్ణి వెక్కిరిస్తుంది. దాని పేరుప్రతిష్ఠల్లో సగం ఆ గొంతుదే.

చీటీ మీద 'పూర్తిగా షాప్ చేసినది' అని ఉంది. దాన్ని నేను అంతా మరమ్మతు చేసినదన్న అర్థంలో తీసుకున్నాను. పిన్‌బాల్ వాళ్ళ భాషలో ఆ మాటకు సాధారణంగా ఉండే అర్థం వేరు: ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బల్ల) తుడిచి, రబ్బరు రింగులు, బల్బులు, బంతి మార్చారని. లోపలి సర్క్యూట్ బోర్డుల గురించి ఆ మాట ఏమీ హామీ ఇవ్వదు. నేను, మా అబ్బాయి, మా బావమరిది కలిసి పది పన్నెండు ఆటలు ఆడాము. ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే చిన్న రెక్కలు) చురుగ్గా ఉన్నాయి, టార్గెట్లు పడి లేస్తున్నాయి, స్కోరు అంకెలు సరిగ్గా వెలుగుతున్నాయి. గొంతు మాత్రం వినబడలేదు. చుట్టూ రెండు వందల మెషిన్లు ఒకేసారి మోగుతుంటే పక్కనున్న మనిషి మాటే వినపడదు కనుక, ఆ హోరులో కలిసిపోయిందని మాకు మేమే సర్దిచెప్పుకున్నాము.

మా బావమరిది కాస్త యంత్రాలు తెలిసినవాడు. "బావా, నలభై ఏళ్ళు దాటిన సరుకు, వెనక పెట్టె ఒకసారి తీయించి చూద్దాం" అన్నాడు. అంకెలు కనబడే ఆ నిలువు పెట్టెను హెడ్ అంటారు. బోర్డుల్లో ముఖ్యమైనవన్నీ అందులోనే ఉంటాయి. అమ్మినాయనను అడిగితే చాలా మర్యాదగా నవ్వి, హెడ్ తాళంచెవి ఇంట్లో మరిచిపోయి వచ్చాననీ, లోపల అంతా శుభ్రంగా ఉందనీ, తరువాత పోస్టులో పంపిస్తాననీ చెప్పాడు. మూడు రోజులపాటు జనం ఆడుకునే మెషిన్‌ను ఇంటినుంచి మోసుకొచ్చిన మనిషి దాని తాళంచెవి తేకపోవడమేమిటని అప్పుడు నాకు తట్టలేదు. ఏదైనా ఫ్యూజు పోతే ఆయన ఎలా తెరుస్తాడు? మా బావమరిది ఇంకోసారి అడగబోతే, అవతలి మనిషిని అనుమానించినట్టు ఉంటుందని నేనే ఆపాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇప్పటికీ సిగ్గుగా అనిపించేది ఆ ఒక్క క్షణమే.

డబ్బు అక్కడికక్కడే ఫోన్‌లో జెల్ (బ్యాంకు ఖాతానుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే సేవ) ద్వారా పంపాను. మెషిన్ మాత్రం ఆదివారం హాలు మూసేదాకా అక్కడే ఉండాలన్నది నిబంధన. టికెట్ కొన్నవారంతా ఆడుకోవాలి కనుక అది న్యాయమైన నిబంధనే. దానివల్ల నేను కొన్న మెషిన్‌ను మరో రోజున్నర జనం ఆడారు. ఆదివారం సాయంత్రం హాలంతా హడావుడి. అందరూ ఒకేసారి కాళ్ళు విప్పి, ట్రాలీల మీద ఎక్కించుకుని తలుపుల వైపు పోతుంటారు. మేము వెళ్ళేసరికే మా మెషిన్‌ను ఆపి, కాళ్ళు విప్పి, దుప్పటి చుట్టి సిద్ధంగా ఉంచారు. నూరు కిలోలు దాటే ఆ బరువును వ్యాన్‌లోకి ఎక్కించడంలో ఆయన చెయ్యి కూడా వేశాడు. అది ఆగి, మళ్ళీ మొదలవడం మాలో ఎవరమూ చూడనే లేదు.

తరువాతి శనివారం గాని బిగించడం కుదరలేదు. స్విచ్ వేస్తే దీపాలు వెలిగాయి. అంతకుమించి ఏ చప్పుడూ లేదు. తాళంచెవి పోస్టులో రాలేదు, ఫోన్‌కు జవాబూ లేదు. చివరికి తాళాన్ని డ్రిల్లుతో తొలిచి హెడ్ తెరిచాము. ఎడమవైపు ప్రధాన బోర్డు మీద, బ్యాటరీ ఉండవలసిన చోట రెండు కత్తిరించిన తీగ మొనలు మాత్రమే ఉన్నాయి. వాటి చుట్టూ అరచేయి వెడల్పున రాగి దారులు పాత ఇత్తడి చెంబుకు పట్టిన చిలుములాగా పచ్చగా మారిపోయాయి. ఒక చోట వేలితో రుద్దితే తెల్లటి పొడి రాలింది. తరువాత ప్లేఫీల్డ్ పైకెత్తి చూస్తే దాని అడుగున ఉండే 1 ఆంపియర్ ఫ్యూజుకు బదులు, పోయిన ఫ్యూజు చుట్టూ వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టి ఉంది. అది చూశాక మా ఆవిడ ఆ రోజంతా మెషిన్ ప్లగ్గు పెట్టనివ్వలేదు. ఆమె భయం అక్షరాలా సబబు. ఏదైనా కాయిల్ (టార్గెట్ల వంటివాటిని కదిలించే తీగచుట్ట) ఆగకుండా పనిచేస్తూ ఉండిపోతే ఫ్యూజు పోయి ఆగవలసింది, రేకు ఉంటే ఆగకుండా కాయిల్ కాలిపోయేదాకా, ఒక్కోసారి మంట లేచేదాకా కరెంటు పారుతూనే ఉంటుంది.

బాగుచేయడానికి వచ్చిన సాంకేతిక నిపుణుడు బోర్డును చూడగానే సంగతి చెప్పాడు. 1977 నుంచి 1985 వరకు వచ్చిన బ్యాలీ ఎలక్ట్రానిక్ మెషిన్లలో, కరెంటు లేనప్పుడు గరిష్ఠ స్కోర్లు, ఆటల లెక్కలు వంటివి గుర్తుంచుకోవడానికి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని నేరుగా బోర్డుకే టంకం పెట్టి అతికించేవారు. ఏళ్ళు గడిచాక అది కారుతుంది. కారేది ఆమ్లం కాదు, క్షారం. అందుకే శుభ్రం చేసేవారు ముందు వెనిగర్ వాడతారు. బ్యాటరీని కత్తిరించి పారేసినంత మాత్రాన బోర్డులోకి ఇంకిన క్షారం పోదు, లోలోపల తింటూనే ఉంటుంది. బ్యాటరీ పక్కనే ఉన్నది, స్విచ్ వేసిన క్షణంలో 5 వోల్టులు నిలకడగా అందేదాకా ప్రాసెసర్‌ను పట్టి ఉంచి, ఆపైన వదిలే రీసెట్ సర్క్యూట్. అది దెబ్బతింటే మెషిన్ మొదలవడమే కష్టం. ఏ ఇరవయ్యో ప్రయత్నంలోనో ఒకసారి మొదలైతే, ఆపనంతవరకు బాగానే ఆడుతుంది. మేము చూసిన మెషిన్ శుక్రవారం ఉదయం ఎలాగో మొదలై, ఆదివారం సాయంత్రం దాకా ఆగకుండా నడిచి ఉంటుందని ఆయన అంచనా. గొంతు పలికించే బోర్డు వేరుగా పాడై ఉందట. ఎదుటివారిని కబుర్లాపమని వెక్కిరించవలసిన మెషిన్, ఆ హాలులోనూ మూగదే.

కనుక ఇలాంటి ప్రదర్శనలో ఏది కొన్నా, అమ్మేవారి చేత మెషిన్‌ను పూర్తిగా ఆపించి, రెండు నిమిషాలు ఆగి, మీ కళ్ళముందు మళ్ళీ వేయించండి. వీలైతే ఉదయం హాలు తెరిచే వేళకే వెళ్ళి, చల్లగా ఉన్న మెషిన్ మొదటి ప్రయత్నంలోనే లేస్తుందో లేదో చూడండి. ఆ కాలపు బ్యాలీ మెషిన్ అయితే హెడ్ తెరిచి ఉంచి స్విచ్ వేయాలి. ప్రధాన బోర్డు మీది చిన్న ఎర్ర దీపం ఏడుసార్లు మెరిస్తే తనిఖీలన్నీ దాటినట్టు. ఏడుకు ముందే ఆగిపోతే ఏదో ఒక భాగం పాడైనట్టే. లోపల మీరు మాత్రం చేయి పెట్టవద్దు. స్కోరు అంకెల కోసం అక్కడ 170 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది, ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. టార్చి వెలుగులో చూసి, ఫోన్‌తో ఫోటో తీసుకుంటే చాలు. 1990ల నాటి విలియమ్స్, బ్యాలీ మెషిన్లలో మూడు మామూలు ఏఏ బ్యాటరీలు ఉంటాయి. అవి కూడా కారతాయి, వాటి కిందనున్న బోర్డు రంగు చూడాలి. హెడ్ తాళంచెవి లేదంటే బేరం అక్కడితో ఆపేయండి. మిగిలినవాటిలో ముఖ్యమైనది పై అద్దం తీయించి ప్లేఫీల్డ్‌ను వేలితో తడమడం. రంగు ఊడిన చోట్లు, దీపాల మీది గుండ్రటి బిళ్ళలు కుంగిన చోట్లు హాలు మసకవెలుతురులో అద్దంలోంచి కనబడవు. గొంతు ఉన్న మెషిన్ అయితే స్పీకరు జాలీకి చెవి ఆనించి వినడానికి మొహమాటపడకండి.

మా అబ్బాయి తన పొదుపు డబ్బుతో అక్కడే మరో బల్ల మీద గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి వీడియోగేమ్ కోసం పోకెమాన్ ఎమరాల్డ్ ఆట కార్ట్రిడ్జ్ కొన్నాడు, అదీ నకిలీదే. అసలుదాని లేబుల్ మీద, వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే, రెండంకెల సంఖ్య అచ్చు నొక్కినట్టు కనబడుతుంది. కింది అంచు దగ్గర లోహపు పళ్ళకు పైన, బోర్డు మీద నింటెండో అన్న పేరు ఉంటుంది. వాడి దానికి రెండూ లేవు.

డబ్బు చెల్లింపు గురించి ఒక మాట. జెల్‌తో మనమే స్వయంగా పంపిన డబ్బు, సరుకు బాగాలేదన్న కారణంతో వెనక్కి రావడం దాదాపు అసాధ్యం; మా బ్యాంకు అదే చెప్పింది. కార్డు తీసుకునే వ్యాపారి అయితే కార్డుతోనే చెల్లించండి, వివాదం లేవనెత్తే దారి ఉంటుంది. హోటల్ హాలు వంటి తాత్కాలిక స్థలంలో వ్యాపారి అమ్మిన 130 డాలర్లు, ఆపైన విలువ గల సరుకును మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే కేంద్ర నిబంధన ఒకటి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. దానికి మినహాయింపులు చాలా ఉన్నాయి, అప్పుడప్పుడూ సొంత వస్తువు అమ్ముకునేవారి విషయంలో దాన్ని నమ్ముకోలేము. అయినా ఇంటికి తెచ్చిన రాత్రే మెషిన్ వేసి చూడడం మేలు. నేను వేసి చూసేసరికి శనివారం కొన్న సరుకుకు బుధవారం అర్ధరాత్రితో ముగిసే ఆ గడువు ఎలాగూ దాటిపోయింది.

బేరానికి ఆదివారం మధ్యాహ్నం మంచిదని అందరూ అంటారు, మోసుకుపోవడం ఇష్టంలేక ధర తగ్గిస్తారని. ఆ మాట నిజమే. అయితే ప్లగ్గు తీసేయకముందు వెళ్ళాలి.

ప్రధాన బోర్డు, గొంతు బోర్డు కొత్తవి వేయించాము, ఫ్యూజులన్నీ సరైన విలువకు మార్పించాము. ఇప్పుడు మెషిన్ రోజూ పనిచేస్తోంది, వెక్కిరిస్తోంది కూడా. పాత బోర్డునూ, రేకు చుట్టిన ఆ ఫ్యూజునూ పారేయకుండా ఉంచాను. కారిన బ్యాటరీ వల్ల బోర్డు ఎలా మారుతుందో ముందే చూసి వెళ్ళాలనుకునేవారు అడిగితే దగ్గరనుంచి తీసిన ఫోటోలు పంపుతాను.