గ్రేడిల్ వెర్షన్ కేటలాగ్: నంబరు ఒకచోట, నిర్ణయం ఇంకోచోట

గ్రేడిల్‌తో (కోడ్‌ని బిల్డ్ చేసే టూల్) జావా, కోట్లిన్ ప్రాజెక్టులు చేసేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా: వెర్షన్ కేటలాగ్, అంటే వాడే లైబ్రరీల వెర్షన్ నంబర్లన్నీ ఒకచోట రాసుకునే ఫైల్, పెట్టుకోండి. పెట్టుకున్నాక, ఇక వెర్షన్ల సంగతి అదే చూసుకుంటుందని మాత్రం అనుకోకండి. మా టీమ్‌లో చేరే కొత్తవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నా.

మా ఆఫీసు రాయదుర్గంలో. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ మీద నడిచే పెద్ద బ్యాకెండ్, బోలెడు మాడ్యూళ్లు, ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కో బిల్డ్ ఫైల్. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌షెల్ అనే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీ భద్రతా లోపం బయటపడ్డ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఆ ఒక్క నెలలోనే లాగ్‌ఫోర్‌జే 2.15.0, ఆ వెంటనే 2.16.0, తర్వాత 2.17.0, నెలాఖర్లో 2.17.1 వచ్చాయి. ఒకటి మార్చి ఊపిరి పీల్చుకునేలోపే ఇంకోటి. ప్రతిసారీ అన్ని బిల్డ్ ఫైళ్లూ వెతకాలి. ఒకచోట నంబరు నేరుగా ఉండేది, ఒకచోట వేరియబుల్‌లో, ఇంకోచోట పాత టీమ్ వాళ్లు రాసిన స్క్రిప్ట్‌లో. ఆ వారాల్లో క్యాబ్‌లో ఇంటికి వెళ్తూ కూడా ల్యాప్‌టాప్ తెరిచే ఉంచేవాళ్లం.

కేటలాగ్ తీర్చింది ఈ బాధనే. గ్రేడిల్ 7.0లో ప్రయోగాత్మకంగా వచ్చి, 2022 ఫిబ్రవరిలో వచ్చిన 7.4తో స్థిరపడింది. గ్రేడిల్ ఫోల్డర్‌లో లిబ్స్ డాట్ వెర్షన్స్ డాట్ టామ్ల్ అని ఒక ఫైల్ పెడతాం. అందులో నాలుగు విభాగాలు: వెర్షన్లు, లైబ్రరీలు, బండిళ్లు (కలిపి వాడే లైబ్రరీల గుంపులు), ప్లగిన్లు. నంబరు ఒక్కసారి రాస్తే చాలు, మాడ్యూళ్లలో పేరుతో వాడుకోవచ్చు. పేరులో హైఫన్ పెడితే బిల్డ్ ఫైల్‌లో అది చుక్కగా మారుతుంది. పేరు తప్పు కొడితే బిల్డ్ మొదట్లోనే ఆగిపోతుంది, కోట్లిన్ స్క్రిప్ట్ అయితే ఎడిటర్ టైప్ చేస్తుండగానే పేర్లు చూపిస్తుంది. ఇంతకుముందు మేం బిల్డ్‌సోర్స్ ఫోల్డర్‌లో కాన్‌స్టెంట్లు పెట్టుకునేవాళ్లం. అక్కడ ఒక్క అంకె మారిస్తే చాలు, ప్రాజెక్ట్ దాదాపు మొత్తం మళ్లీ మొదటి నుంచి బిల్డ్ అయ్యేది. ఆ ఎదురుచూపు పోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది కోడ్ రివ్యూలో. డిపెండబాట్, రెనోవేట్ అనే ఆటోమేటిక్ అప్‌డేట్ బాట్లు రెండూ ఈ ఫైల్‌ని చదవగలవు. కొత్త వెర్షన్ వస్తే ఒక్క వరుస మార్పుతో రిక్వెస్ట్ పెడతాయి. ఆ ఒక్క వరుస చూసి, రిలీజ్ నోట్స్ చదివి, టెస్టులు పాసయ్యాయా లేదా చూసుకుంటే సరిపోతుంది.

ఇక అసలు విషయం. మా టీమ్‌కి వచ్చే కుర్రాళ్లలో చాలామంది అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో మావెన్ (ఇంకో బిల్డ్ టూల్) మీద జావా నేర్చుకున్నవాళ్లు. పని గట్టిగా చేస్తారు. ఈమధ్య వాళ్లలో ఒకబ్బాయి నా డెస్క్ దగ్గరికొచ్చి, "అన్నా, కేటలాగ్‌లో ఓకేహెచ్‌టీటీపీ 4.9.3 అని ఉంది కదా, మరి జార్‌లో 4.12.0 ఎందుకుంది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఓకేహెచ్‌టీటీపీ అంటే నెట్‌వర్క్ రిక్వెస్టులు పంపే లైబ్రరీ, జార్ అంటే బిల్డ్ అయ్యాక చేతికొచ్చే ఫైల్. పక్కనే కూర్చోబెట్టుకుని, ఏ వెర్షన్ ఎందుకొచ్చిందో చూపించే డిపెండెన్సీ ఇన్‌సైట్ టాస్క్ నడిపించా. 4.9.3 పక్కన బాణం గుర్తు, దాని పక్కన 4.12.0, కింద కారణం: రెండు వెర్షన్ల మధ్య పోటీ వచ్చింది. మేం వాడే ఒక బయటి ఎస్‌డీకే లోపల్నుంచి 4.12.0 తెస్తోంది. గ్రేడిల్ మామూలుగా పెద్ద నంబరునే తీసుకుంటుంది. మావెన్ అయితే డిపెండెన్సీల చెట్టులో మనకి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఆ అబ్బాయి మావెన్ లెక్క ప్రకారం 4.9.3 వస్తుందనుకున్నాడు, ఆ లెక్కలో అది సరైనదే.

కేటలాగ్ ఇంట్లో రాసుకున్న సరుకుల చీటీ లాంటిది. సంచిలోకి ఏమొచ్చిందో బిల్లు చూస్తేనే తెలుస్తుంది. ఆ బిల్లు ఇన్‌సైట్ టాస్క్.

ఇందులో అసలు చిక్కు ఎక్కడంటే, టెస్టుల్లో నకిలీ సర్వర్‌గా వాడే మాక్‌వెబ్‌సర్వర్ ఓకేహెచ్‌టీటీపీ అంతర్గత క్లాసుల మీద ఆధారపడుతుంది. అందుకే రెండూ ఒకే వెర్షన్‌లో ఉండాలి. ఒకటి పైకి పోయి ఇంకోటి కింద ఉండిపోతే, కంపైల్ అంతా బాగానే అయి, నడిచేటప్పుడు క్లాస్ దొరకలేదనో మెథడ్ లేదనో పడిపోవచ్చు. దీనికి మందు కేటలాగ్ దగ్గర లేదు, ప్లాట్‌ఫారమ్ దగ్గర ఉంది, అంటే కొన్ని లైబ్రరీల వెర్షన్లని కలిపి నిర్ణయించే పద్ధతి దగ్గర. ఓకేహెచ్‌టీటీపీ వాళ్ల లైబ్రరీలన్నిటి వెర్షన్ల జాబితా అయిన బామ్‌ని కేటలాగ్‌లో 4.12.0గా రాసి, బిల్డ్ ఫైల్‌లో ప్లాట్‌ఫారమ్‌గా చేర్చాం. ఆ రెండు లైబ్రరీల పక్కన వెర్షన్ తీసేశాం. అప్పట్నుంచి రెండూ కలిసే కదులుతున్నాయి. ఎన్‌ఫోర్స్‌డ్ ప్లాట్‌ఫారమ్ అని ఇంకోటుంది, అది ఏ నంబరు వచ్చినా పక్కకి నెట్టి తన మాటే నెగ్గించుకుంటుంది. మీరు ఇతరులకి లైబ్రరీ ఇచ్చేవాళ్లయితే దాని జోలికి వెళ్లకండి, మీ బలవంతం వాళ్ల బిల్డ్ మీద కూడా పడుతుంది. ఫలానా వెర్షన్ దాటకూడదు అని గట్టిగా ఉంటే స్ట్రిక్ట్‌లీ అని రాయడం మేలు, ఎందుకలా రాశారో పక్కనే కారణం కూడా రాయొచ్చు. ఆ కారణం తప్పకుండా రాయండి. ఆర్నెల్ల తర్వాత ఆ వరుస చూసేవాళ్లకి అదే దిక్కు.

నచ్చని సంగతి ఒకటుంది. బిల్డ్‌సోర్స్‌లో రాసుకునే కన్వెన్షన్ ప్లగిన్లకి, అంటే మాడ్యూళ్లన్నిటికీ పంచే బిల్డ్ సెట్టింగులకి, ఈ కేటలాగ్ నేరుగా కనపడదు. సెట్టింగ్స్ ఫైల్‌లో టామ్ల్ దారి మళ్లీ చూపించాలి. అది చేసినా, స్క్రిప్ట్ రూపంలో ఉన్న ప్లగిన్లలో లైబ్రరీని పేరు స్ట్రింగ్‌గా రాసి వెతుక్కోవాలి. తప్పు పేరు ఎడిటర్‌లోనే దొరికిపోయే సుఖం అక్కడ ఉండదు. పెద్ద ప్రాజెక్టుల్లో అందరూ వాడేది కన్వెన్షన్ ప్లగిన్లే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒక్కటీ తగ్గించింది దీనికే.

మావెన్ మీద హాయిగా ఉన్నవాళ్లు దీనికోసం గ్రేడిల్‌కి మారక్కర్లేదు. మాడ్యూళ్లన్నిటికీ పైనుండే బిల్డ్ ఫైల్ అయిన పేరెంట్ పామ్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ విభాగం శుభ్రంగా పెట్టుకుంటే నంబర్లు ఒకచోటికి వస్తాయి. పైగా లోపల్నుంచి వచ్చే లైబ్రరీలకి కూడా అక్కడ రాసిన వెర్షనే వర్తిస్తుంది.