డెత్ మెటల్‌లో బేస్: స్టీవ్ డిజార్జియో దారి మేలా, అలెక్స్ వెబ్‌స్టర్ దారి మేలా?

డెత్ మెటల్‌లో, అంటే హెవీ మెటల్‌లో బాగా భీకరంగా ఉండే రకంలో, బేస్ గిటార్ అసలు వినపడదు అంటుంటారు, సగం నిజమే. గిటార్ లావు తీగ మామూలుగా 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాన్ని బి స్వరం దాకా దించితే 62కి వచ్చేస్తుంది, అంటే బేస్ తిరగాల్సిన ఏరియాలోకి గిటార్ దిగిపోయినట్టే, పైగా గిటార్ సౌండ్‌ని గరగరలాడించే డిస్టార్షన్, కింద రెండు కాళ్ళతో ఆగకుండా కొట్టే డబుల్ కిక్ డ్రమ్, ఇంక బేస్‌కి చోటెక్కడ? మరి అలాంటి చోట చెయ్యి తిరిగిన బేసిస్ట్ ఏం చెయ్యాలి అన్నదే ప్రశ్న, దానికి స్టీవ్ డిజార్జియో, అలెక్స్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు బేసిస్టులు రెండు రకాల జవాబులు చెప్పారు.

డిజార్జియో జవాబు ఏంటంటే గిటార్ వెనకాల నడవక్కర్లేదు, పక్కన ఇంకో గొంతులా పాడొచ్చు అని. డెత్ బ్యాండ్ 1993లో తెచ్చిన ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్ వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్ళండి, ఫ్రెట్‌లెస్ (మెడ మీద మెట్లు లేని బేస్) కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంటే వయోలిన్ మీద గమకం విన్నట్టే ఉంటుంది, అటు డెత్ గిటారిస్ట్ చక్ షుల్డినర్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) ఒక దారిలో పోతుంటే ఇటు బేస్ ఇంకో దారిలో పోయి మళ్ళీ వచ్చి కలుస్తుంది. నాకు ఆ ఆల్బమ్ అంటే ప్రాణం. కానీ అదే మనిషి అంతకుముందు 1991లో అదే బ్యాండ్ ఆల్బమ్ హ్యూమన్‌లో కూడా అద్భుతంగా వాయించాడు, అప్పటి మిక్స్‌లో (వాయిద్యాల సౌండ్లన్నీ కలిపిన తీరులో) అది సరిగ్గా వినపడదు! 2011లో మళ్ళీ మిక్స్ చేసి రిలీజ్ చేశాక గానీ ఆ ఆల్బమ్‌లో బేస్ ఇంత పని చేసిందా అని చాలామందికి తెలియలేదు. ఈ దారికి ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే, ఎంత గొప్పగా వాయించినా గిటారిస్టూ మిక్స్ చేసేవాడూ చోటిస్తేనే.

వెబ్‌స్టర్ సంగతి వేరు. కానిబల్ కార్ప్స్ బ్యాండ్ 1988లో అమెరికాలోని బఫెలోలో మొదలైనప్పటి నుంచీ బేస్ ఆయనదే, పిక్ లేకుండా మూడు వేళ్ళతో ఆ స్పీడ్‌లో గిటార్ రిఫ్‌తో ఒక్క నోట్ తేడా రాకుండా వాయిస్తాడు, దాంతో రిఫ్‌కి బరువొస్తుంది. బేస్ విడిగా వినపడకపోయినా తీసేస్తే మాత్రం పాట బోలుగా అయిపోతుంది. 1992లో వచ్చిన హ్యామర్ స్మాష్డ్ ఫేస్ పాటలో మిగతావాళ్ళంతా ఆగిపోయి బేస్ ఒక్కటే మోగే చోటు ఉంటుంది చూడండి, కొన్ని సెకన్లే, అంతవరకూ అణిచిపెట్టుకున్నదంతా అక్కడ బయటికొస్తుంది.

తనకి రాక అలా వాయిస్తున్నాడు అనుకునేవాళ్ళు గిటారిస్ట్ రాన్ జార్జోంబెక్‌తో కలిసి చేసిన బ్లాటెడ్ సైన్స్ బ్యాండ్‌ని వినాలి. అందులో గాత్రమే లేదు, బేస్ పిచ్చెక్కిపోతుంది, అంటే అన్నీ వచ్చి కూడా పాటకి ఏం కావాలో అంతే ఇస్తున్నాడన్నమాట. అది చాలా కష్టం, బాగా వాయించడం వచ్చినవాళ్ళకి ఇంకా కష్టం.

ఏథియిస్ట్ బ్యాండ్ గురించి చెప్పకుండా ఈ టాపిక్ ముగించలేను. వాళ్ళ ఆల్బమ్ అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్‌కి బేస్ లైన్లు సిద్ధం చేసిన రోజర్ ప్యాటర్సన్ 1991లో యాక్సిడెంట్‌లో పోయాడు, తర్వాత టోనీ చోయ్ వచ్చి రికార్డ్ చేశాడు, అందులో బేస్ పాటకి వెన్నెముక కూడా, గొంతు కూడా. రెండు దారులూ కలిసింది అక్కడే అనిపిస్తుంది.

సరే, ఏది మేలు? వినడానికైతే నేను పదే పదే వెళ్ళేది డిజార్జియో దగ్గరికే. కానీ డెత్ మెటల్ బ్యాండ్‌కి ఏది మేలు అని అడిగితే వెబ్‌స్టర్ దారే అంటాను, ఎందుకంటే ఈ సంగీతానికి ముందు కావాల్సింది బరువు, అది ఏ మిక్స్‌లో అయినా ఏ చిన్న స్టేజ్ మీద అయినా నిలబడుతుంది. బ్యాండ్‌లో గిటారిస్ట్ తన సౌండ్‌లో లో ఎండ్ (కింది స్వరాల మోత) కొంచెం తగ్గించుకుంటాను, రిఫ్‌లో కాస్త ఖాళీ వదులుతాను అంటే మాత్రం నిస్సందేహంగా ఫ్రెట్‌లెస్ పట్టుకోండి. ఆ మాట ముందే తేల్చుకోండి, స్టూడియోలో అడిగితే అప్పటికే గిటార్లు రికార్డ్ అయిపోయి ఉంటాయి.